కుందేటి కొమ్ము: ఒక మొక్క వంశకథ

లేని వస్తువునకు మన పెద్దలు కుందేటి కొమ్మును ఉదాహరణముగా చెప్పుచుందురు. తర్కశాస్త్రమున గగనకుసుమమునకు తోడుగా నిలిచినది ఈ శశవిషాణమే. కుందేలు కలదు, కొమ్ము కలదు. కుందేటికి కొమ్ము మాత్రము లేదు. అట్టి కుందేటి కొమ్మును మేము లేపాక్షి దగ్గర ఒక గుండ్రాతి గుట్టమీద కన్నులార చూచితిమి, చేతితో తాకితిమి, కొంచెము కొరికి రుచియు చూచితిమి. మా మాట నమ్మని శ్రోతలు ఈ వ్యాసమును కడవరకు చదువ ప్రార్థన.

లేపాక్షి నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. 2022 వరకు అది అనంతపురము జిల్లాలోనిది. వీరభద్రాలయమును, ఏకశిలా నందీశ్వరుని దర్శించిన యాత్రికులు సాధారణముగా వెనుదిరిగి బస్సెక్కుదురు; చుట్టునున్న గుట్టలవంక చూడరు. చూడదగిన పచ్చదనము అచట ఏమున్నదని వారి తలంపు. పడమటి కనుమల వర్షచ్ఛాయలోనున్న ఈ పీఠభూమికి సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కును. ఆ సగటు కూడ కొన్ని యేండ్లు కాగితముమీదనే నిలిచిపోవును. ఆలయమును గూర్చిన ప్రసంగమునకై వెళ్ళిన మేము, పని ముగిసిన పిమ్మట ప్రొద్దు మిగిలియుండుటచేత ఒక గుట్టనెక్కితిమి. అచట మేకలు కాయుచున్న ఒక వృద్ధుడు ముండ్లపొద నీడనుండి పచ్చని కాడ నొకదానిని త్రుంచి నములుచుండెను.

“ఏం తాతా, ఇదేమి చెట్టు?” అని అడిగితిమి.

“కుందేటి కొమ్ము కదా సామీ! మేకల ఎనకాల తిరిగేటప్పుడు ఆకలైనా, దప్పికైనా ఇదే మాకు,” అని మాకును ఒక కాడ ఇచ్చెను.

చిటికెనవ్రేలి లావు, నాలుగు పలకలు, పైకి పోవుకొలది సన్నగిలిన కొస, ఆకులు లేవు. కొసభాగమున అక్కడక్కడ ఊదారంగు చిన్నపూలు. కొరికినచో మొదట పులుపు, వెనుక కొంచెము చేదు, నోటినిండ నీరు. పది అడుగుల దూరమున అట్టిదే మరియొక మొక్క కనబడినది. అదియు నాలుగు పలకలదే, ఆకులు లేనిదే. కాని కాడ బొటనవ్రేలికంటె లావు; కొస మొద్దు; ఆ కొసమీద ముదురు ఊదాపూలు అన్నియు ఒక్కచోట బంతివలె కూడియున్నవి.

“మరి ఇదో?” అంటిమి.

“అదీ కుందేటి కొమ్మే సామీ. అయితే ఇది వేరే, అది వేరే. లావు కొమ్ము మా ఇండ్లలో తినరు.”

పేరు ఒకటి, మొక్కలు రెండు. ఒకదానికొకటి దగ్గరివే, కాని ఒకటి కావు. ఆ వృద్ధుడు ఒక్క వాక్యములో చెప్పిన ఈ సంగతిని తేల్చుటకు వృక్షశాస్త్రజ్ఞులకు రెండువందల యేండ్లు పట్టినది. ఇప్పటికిని తగవు పూర్తిగా తీరలేదు. ఆ తగవును, దానివలన మనకు కలుగు లాభనష్టములను విప్పిచెప్పుటయే ఈనాటి మా ప్రయత్నము.

ముందుగా శాస్త్రజ్ఞులు పెట్టు పేర్ల పద్ధతి తెలిసికొనవలెను. అది మన తెలుగువారికి కొత్త కాదు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. మొక్కకును అంతే. మొదటి మాట ప్రజాతి నామము, అనగా ఇంటిపేరు. రెండవ మాట జాతి నామము, అనగా సొంతపేరు. కొన్ని ప్రజాతులు కలిసి ఒక కుటుంబము. దానిని గోత్రమువంటిదని తలపవచ్చును. ఒకే జాతిలో స్వల్పభేదములున్నచో వానిని ఉపభేదములందురు. ఈ ఇంటిపేర్లను ఎవరికి తోచినట్లు వారు పెట్టరాదు. ఒకే తల్లికి పుట్టిన సంతతి అంతయు ఒక ఇంటిపేరు క్రింద ఉండవలెను. పరాయివారు అందులో చేరరాదు. చిక్కంతయు ఇచటనే. ఎవరు ఎవరి సంతతియో మొక్కలు నోరు తెరచి చెప్పవు గదా!

కుందేటి కొమ్ము శాస్త్రగ్రంథములకు ఎక్కినది మన తెలుగునేలనుండియే. పదునెనిమిదవ శతాబ్ది చివర విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటయందు పెక్కేండ్లు నివసించెను. ఆయన మన చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. గ్రామస్థుల నడిగి తెలుగు పేర్లు వ్రాసికొనెను. 1795లో వెలువడనారంభించిన ‘కోరమండల తీరపు మొక్కలు’ అను ఆయన గ్రంథములో సన్నకొమ్ము బొమ్మ కలదు. దానికి ఆయన ‘స్టపేలియా అడ్సెండెన్స్’ అని పేరు పెట్టెను. స్టపేలియా యనునది ఆఫ్రికాఖండపు మొక్కల ఇంటిపేరు. రెండవ మాటకు ‘పైకి ప్రాకునది’ అని అర్థము. లావు కొమ్మును కూడ ఆయన ఆ యింటనే చేర్చి ‘స్టపేలియా అంబెల్లేటా’ అనెను. పూలు గొడుగు ఊచలవలె ఒకచోటనుండి పుట్టినవని ఆ మాటకు భావము. సన్నకొమ్మునకు ఆయన వ్రాసికొనిన తెలుగు పేరు ‘కారల్లము’.

1810లో రాబర్ట్ బ్రౌన్ అను మహాపండితుడు ఈ మొక్క ఆఫ్రికా స్టపేలియాలలో చేరదని గుర్తించి, దానికి కొత్త ఇంటిపేరు కల్పింపదలచెను. అందులకాయన గ్రీకు, లాటిను భాషల నాశ్రయింపలేదు. రాక్స్‌బర్గు వ్రాసికొనిన తెలుగు మాటనే గ్రహించి ‘కారల్లుమ’ అనెను. ఆ యింటిపేరు క్రింద తరువాతి కాలమున స్పెయిన్ దేశము మొదలు బర్మా వరకు గల పెక్కు మొక్కలు చేరినవి. ఆ దేశముల పండితులందరును తెలియకయే మన పల్లెమాటను పలుకుచువచ్చిరి. ఆఫ్రికా, అరేబియాలలో ఈ మొక్కలు ఎక్కువగుటచేత ఈ పేరు అరబ్బీ మాటయని కొందరు వ్యాఖ్యానించిరి. రాక్స్‌బర్గు పుస్తకము తెరచి చూచినచో ఆ సందేహమునకు తావులేదు. కారెనుపోతు అనగా అడవి యెనుపోతు; ఆ రీతినే కారల్లమును అడవి అల్లమని విడదీయవచ్చును.

ఇక బంధుత్వమును గుర్తించుట యెట్లు? చూపునకు ఒకేవిధముగా నున్నవన్నియు చుట్టములని అనుకొనుట సహజము. కాని ఎండనేలలో ఆ లెక్క తప్పును. మన బొంతజెముడును, నాగజెముడును చూడుడు. రెండింటికిని ముండ్లు, రెండింటికిని దళసరి పచ్చని కాడలు. అందుచేతనే మనవారు రెండింటిని ‘జెముడు’ అనిరి. నిజమునకు నాగజెముడు అమెరికానుండి వచ్చినది. బొంతజెముడు ఆముదపు కుటుంబములోనిది. కుందేటి కొమ్ము ఈ రెండింటికిని చుట్టము కాదు. మూడింటిని ఒక్క రూపునకు తెచ్చినది రక్తసంబంధము కాదు, నీటికరవు. ఆకులున్నచో వానిగుండ నీరు ఆవిరియగును. కావున ఆకులను విడిచి, కాడకే ఆకుపని అప్పగించి, దానిలోనే నీరు దాచుకొనుట ఎండనేల మొక్కలకు మేలు. ఇట్టి మొక్కలు పగలు తమ సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనములో తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపమున దాచుకొని, మరునాటి వెలుతురులో ఆహారముగా మార్చుకొనును. తెల్లవారుజామున కాడ పులుపెక్కుటకును, సాయంకాలమునకు ఆ పులుపు తగ్గుటకును ఇదియే కారణము. వేర్వేరు కుటుంబములు వేర్వేరు ఖండములలో ఇదే ఉపాయమును కనుగొన్నవి. కరవుకాలమున ఊరివారందరు గంజియే త్రాగినంతమాత్రమున అందరును ఒక యింటివారు కారు గదా!

కాడ మోసగించినను పువ్వు అంత సులభముగా మోసగింపదు. కుందేటి కొమ్ము పువ్వును భూతద్దము క్రింద పరీక్షించినచో జిల్లేడు పువ్వు గుర్తునకు వచ్చును. రెండింటిలోను ఐదు రేకలు, నడుమ కిరీటమువంటి నిర్మాణము. పుప్పొడి పొడిగా రాలదు. చిన్నచిన్న ముద్దలుగా జంటలుగా అంటియుండును. ఈగ వాలినపుడు ఆ జంటముద్దలు దాని తుండమునకో కాలికో కొక్కెమువలె తగుల్కొని మరియొక పువ్వునకు చేరును. కాయలు జంటలుగా కొమ్ములవలె లేచును. పండి పగిలినపుడు జిల్లేటిదూదివంటి పట్టుకుచ్చులతో గింజలు గాలిలో తేలిపోవును. పాలు కారు జిల్లేడునకును, పాలు కారని ఈ కాడకును చుట్టరికమును ఈ పుప్పొడి ముద్దలే సాక్ష్యము పలికినవి. వానిని చూచియే బ్రౌను ఈ మొక్కలను గన్నేరు కుటుంబమునుండి వేరుచేసి జిల్లేడు కుటుంబమని నిలిపెను. ఆ విభజన దాదాపు రెండువందల యేండ్లు పాఠ్యపుస్తకములలో నిలిచినది. జిల్లేడు శాఖ గన్నేరు వృక్షమునుండియే చీలినదని తేలుటచేత 2000 నాటికి పండితులు రెండింటిని తిరిగి ఒకటి చేసిరి. మీ పెరటిలోని నందివర్ధనము, బిళ్ళగన్నేరు, గుట్టమీది కుందేటి కొమ్ము – ఈ మూడును నేడు ఒక్క గోత్రమువే.

గోత్రము తేలినది, ఇంటిపేరు తగవు మిగిలినది. మదరాసు రాజధానిలో వైద్యుడుగా పనిచేసిన రాబర్ట్ వైట్ ఈ తగవులో ముఖ్యుడు. ఆయన 1838 నుండి 1853 వరకు వెలువరించిన బొమ్మల సంపుటములకు మూలము రంగయ్య, గోవిందు అను మన దక్షిణదేశపు చిత్రకారుల కుంచెపని. 1834లోనే వైట్, ఆర్నాట్ అను పండితులు లావు కొమ్మునకు ‘బౌసెరోసియా’ అని వేరు ఇంటిపేరు పెట్టిరి. అనగా మా మేకలతాత మాటనే వారు శాస్త్రభాషలో చెప్పిరి: ఇది వేరు, అది వేరు. కాని తరువాతివారు పెక్కుమంది ఈ విభజనను ఒప్పుకొనక రెండింటిని కారల్లుమ యింటనే ఉంచిరి.

సన్నకొమ్ములలోనే మరియొక తగవు పుట్టినది. 1830లో వాలిచ్ అను పండితుడు ‘కారల్లుమ ఫింబ్రియేటా’ అని ఒక జాతిని వర్ణించెను. అంచుకు కుచ్చులు గలదని అర్థము. వైట్ మహాశయుడు ‘కారల్లుమ అటెన్యుయేటా’ అని మరియొక దానిని పేర్కొనెను. కొసకు సన్నగిలునదని అర్థము. రాక్స్‌బర్గు మొక్కతో కలిసి ఇవి మూడైనవి. ఇవి నిజముగా మూడు జాతులా? లేక ఒకే జాతికి మూడు ముఖములా?

దీనిని తేల్చుట సులభము కాదు. శాస్త్రజ్ఞులు మొక్కలను కాగితముల నడుమ అదిమి, ఎండబెట్టి భద్రపరతురు. మామిడి ఆకును, తుమ్మకొమ్మను అట్లు దాచవచ్చును. నీటితో నిండిన కుందేటి కొమ్మును అదిమినచో నల్లని తోలుముక్క మిగులును. పువ్వు ముడుచుకొని ఆనవాలు కోల్పోవును. నూరేండ్ల క్రిందటి ఆ తోలుముక్కలను చూచి రేకు అంచున వెండ్రుకలుండెనా లేవా యని వాదించుట యెంత కష్టమో ఊహింపుడు. ప్రాణముతోనున్న మొక్కలను పెక్కుచోట్ల చూచినవారికే ఈ విషయమున మాట చెల్లును.

1931లో మదరాసు ప్రభుత్వ మ్యూజియమునకు చెందిన గ్రేవ్లీ, మయూరనాథన్ అనువారు భారతదేశపు కారల్లుమలను గూర్చి ఒక పరిశోధనగ్రంథము ప్రకటించిరి. వారు పైమూడింటిని మూడు జాతులనలేదు. అన్నియు ‘కారల్లుమ అడ్సెండెన్స్’ అను ఒకే జాతికి ఉపభేదములనిరి. ఫింబ్రియేటా, అటెన్యుయేటాలకు తోడు సన్నని దానికి గ్రాసిలిస్ అనియు, వెన్నుగలదానికి కారినేటా అనియు, మోకాలివలె వంగినదానికి జెనిక్యులేటా అనియు కొత్త పేర్లు పెట్టిరి. ఈ నిర్ణయమును నేటికిని పెక్కు గ్రంథములు అనుసరించుచున్నవి.

ఇందలి మర్మము మన భాషను చూచిన తెలియును. లేపాక్షి తెలుగునకును, నెల్లూరు తెలుగునకును భేదమున్నదా? ఉన్నది. అవి రెండు భాషలా? కావు. ఎచట ఒకటి ముగిసి మరియొకటి మొదలగునో గీత గీయగలమా? గీయలేము, ఊరూరికి మాట కొంచెము కొంచెముగా మారుచుపోవును. కాని లేపాక్షినుండి పడమరగా కొన్ని మైళ్ళు పోయినచో కన్నడము వినబడును. అది చుట్టపు భాషయేకాని తెలుగు కాదు. ఉపభేదములు మాండలికములవంటివి, జాతులు భాషలవంటివి. భాషలును ఒకప్పుడు మాండలికములుగానే ఉండి, కాలక్రమమున దూరమైనవే. మొక్కలలో జాతి పుట్టుటయు ఇట్లే.

గుట్టలనేల ఈ చీలికకు తగినది. మైదానములో విసిరివేసినట్లున్న ఒక్కొక్క రాతిగుట్ట ఈ మొక్కకు సముద్రములోని దీవివంటిది. గాలికి కొట్టుకొనివచ్చిన ఒకటి రెండు గింజలతో ఒక గుట్టపై సంతతి మొదలగును. చిన్న సంతతిలో రేకు వెడల్పో, వెండ్రుకల యంచో, రంగో ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగ స్థిరపడును. ఇంతలో మరల గాలి వీచి పొరుగుగుట్ట గింజలను తెచ్చును. రెండు సంతతులు కలియును. భేదము సగము చెరిగిపోవును. ఈ వర్గపు మొక్కలలో సామాన్యముగా క్రోమోసోములు 22. సంఖ్య సమానమగుటచేత దగ్గరిజాతుల నడుమ సంకరము కలుగుటకు ఆ వైపునుండి అడ్డు లేదు. లెక్కించి వేరుచేయుదమన్నను ఆ లెక్క సహాయపడదు.

ఇట్టి చిక్కు మన గుట్టలకే ప్రత్యేకము కాదు. నేడు పెండ్లిపందిళ్ళలో అలంకరించు కార్నేషను పూలను మీరెరుగుదురు. వాని అడవిచుట్టములు సుమారు మూడువందల జాతులు. ఎక్కువభాగము ఐరోపా, ఆసియా ఖండములవి. అచటి పండితులును వానిని వేరుచేయలేక తలపట్టుకొనుచున్నారు. కారణమేమనగా, 2010లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము ఆ మొక్కలు పదిలక్షల యేండ్లకు 2.2 మొదలు 7.6 వరకు కొత్త జాతులుగా చీలినవి. భూగర్భకాలమున ఇది మిక్కిలి వేగము. ఆ చీలికయు వాతావరణము పొడిబారిన కాలముతో ముడిపడినదని ఆ పరిశోధకులు తెలిపిరి. కొత్తగా వేరుపడిన అన్నదమ్ముల పొలములకు గట్లు ఇంకను సరిగా పడనట్లు, కొత్తగా వేరుపడు జాతులకును హద్దులు స్పష్టముగా ఉండవు. హద్దు కనబడకపోవుట శాస్త్రజ్ఞుని చేతకానితనము కాదు. అదియే పరిణామము జరుగుచున్నదనుటకు గుర్తు.

ఇంటిపేరు తగవునకు కొత్త సాక్షి డి.ఎన్.ఏ. జీవకణములోని ఈ దారము తల్లినుండి బిడ్డకు దిగివచ్చుచు, మధ్య మధ్య చిన్న మార్పులను మోసికొనివచ్చును. రెండు మొక్కలలో ఒకే మార్పు ఉన్నచో అది ఉమ్మడి పూర్వికునినుండి వచ్చియుండుటకు అవకాశము ఎక్కువ. 2002లో జర్మనీలోని బైరాయిట్ విశ్వవిద్యాలయమునకు చెందిన మేవె, లీడె అను పండితులు ఈ మొక్కల డి.ఎన్.ఏ.ను పోల్చి ఒక వంశవృక్షము గీసిరి. కారల్లుమ అను పెద్దయింట పరాయివారు పెక్కుమంది చేరియున్నారని దానివలన తేలినది. స్పెయిన్ మొక్క వేరుశాఖకు పోయినది. మన లావు కొమ్ము తిరిగి బౌసెరోసియా అయినది. సన్నకొమ్ము మాత్రము రాబర్ట్ బ్రౌన్ పెట్టిన తెలుగు ఇంటిపేరుతోనే నిలిచినది. మేకలతాత మాట నెగ్గినది.

ఆ పరిశోధనలో మరియొక వింతయు బలపడినది. మహారాష్ట్రములో కొద్ది కొండలమీదనే బ్రతుకుచున్న ‘ఫ్రెరియా’ అను మొక్కకు ఆకులు కలవు. ఆకులున్నవను కారణముచేత డాల్జెల్ అను పండితుడు దానికి ప్రత్యేకముగా ఒక ఇంటిపేరు కల్పించెను. డి.ఎన్.ఏ. చూడగా అది బౌసెరోసియాల సొంత ఆడపడుచే! జెముళ్ళలో పోలిక యుండియు బంధుత్వము లేదు; ఇచట పోలిక లేకయు బంధుత్వమున్నది. కంటికి మొదట కనబడు లక్షణమును నమ్మరాదనుటకు ఇంతకంటె ఉదాహరణ మేమి కావలెను?

తగవు ఇంతటితో ఆగలేదు. కారల్లుమ, స్టపేలియా మొదలైన వన్నియు ‘సెరోపీజియా’ అను మరియొక పెద్దవృక్షమునకు కొమ్మలేయని తేలుటచేత, అన్నిటికిని ఆ యొక్క ఇంటిపేరే పెట్టవలెనని 2017లో బ్రయిన్స్ మొదలైన పరిశోధకులు ప్రతిపాదించిరి. వంశవృక్షముమీద చూడగా వారి వాదములో బలమున్నది. అట్లు చేసినచో వందలకొలది భిన్నరూపములు ఒకే పేరు క్రింద కుప్పపడునని, చిన్న ఇండ్లుగానే ఉంచుట మేలని ఇతరులు బదులు చెప్పుచున్నారు. బంధుత్వము ఎట్టిదో ప్రకృతి నిర్ణయించినది. ఎచట గోడకట్టి ఇంటిపేరు వ్రాయవలెనో మనుష్యులు నిర్ణయింపవలెను. మొదటిదానికి ఒకే సమాధానము. రెండవదానికి ఒకటికంటె ఎక్కువ న్యాయమైన సమాధానములుండవచ్చును.

“ఈ పేర్లగొడవ మాకెందుకు?” అని శ్రోతలడుగవచ్చును. కారణము చెప్పెదము.

రాయలసీమలో మధుమేహమునకు పచ్చి కుందేటి కొమ్ము నమలుట వాడుక. 2003లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ‘అటెన్యుయేటా’ సారము ఎలుకల రక్తములోని చక్కెరపై పరీక్షింపబడినది. 2007లో బెంగుళూరు పరిశోధకులు ‘ఫింబ్రియేటా’ సారమును 50 మందిపై 60 దినములు పరీక్షించిరి. ఆకలియు, నడుము చుట్టుకొలతయు కొంత తగ్గెను. శరీరపు బరువులో మాత్రము ఉత్తమందు తిన్నవారికిని వీరికిని చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. నేడు ఆ పేరుతోనే బరువు తగ్గించు గుళికలు దేశదేశముల అంగళ్ళలో అమ్ముడుపోవుచున్నవి. కరవునాడు అన్నములేనివాడు ఆకలి మరచుటకు నమిలిన కాడ, అన్నము మిక్కుటమైనవాని ఆకలి తగ్గించుటకు సీసాలకెక్కినది.

ఇప్పుడు చూడుడు. సీసాపై వ్రాయునది ఫింబ్రియేటా. గుట్టపై కోయువాడెరిగిన పేరు కుందేటి కొమ్ము. ఆ పేరు సన్నదానికిని చెల్లును, లావుదానికిని చెల్లును. అతడు గోనెలో నింపినది ఏది? ఒక ఉపభేదముపై జరిగిన పరీక్ష మరియొకదానికి వర్తించునా? రెండును ఒకే జాతియైనచో వర్తించుటకు కొంత అవకాశమున్నది. వేరుజాతులైనచో తిరిగి పరీక్షింపవలసినదే. వర్గీకరణము తెలియక మందు చేయుట, ఇంటిపేరు చూడక ఉత్తరము బట్వాడా చేయుటవంటిది. కావున మధుమేహరోగులు మా మాటలు విని వైద్యుని మందు మాని గుట్టలెక్కవలదని మనవి.

మొక్కకును ఇందు ప్రాణసంకటము కలదు. ఒక గుట్టకో, రెండు గుట్టలకో పరిమితమైన ఉపభేదము అన్నిటితోపాటు ఒకే పేరున పెరికివేయబడినచో, అది పోయినదని కూడ మనకు తెలియదు. పేరు పెట్టని దానిని కోల్పోయినపుడు దుఃఖించువారుండరు. రాతికొరకు ఒక గుట్టను పగులగొట్టినపుడు, ఆ రాతితోపాటు లక్షలయేండ్ల చరిత్రగల ఒక చిన్న శాఖ పోవుచున్నదేమోయని అడుగుటకైనను ముందు ఆ శాఖకు గుర్తింపు కావలెను. 1989లో పుల్లయ్య, యశోద అనువారు అనంతపురము జిల్లా వృక్షసంపదను గ్రంథముగా కూర్చిరి. అట్టి జాబితాయే ఊరి మొక్కలకు జనాభాలెక్క. ఈ గుట్టల నడుమ పెరుగు బాలబాలికలు భూతద్దముతో ఒక్కొక్క గుట్టమీది పూలను చూచి, బొమ్మ వ్రాసి, తాతలు చెప్పు పేరు ప్రక్కన వ్రాసికొనినచో అది సామాన్యమైన పని కాదు. రాక్స్‌బర్గు సామర్లకోటలో చేసినది అదియే. ఆ యొక్క పలుకరింపువలననే ఒక తెలుగు మాట లోకమునకెక్కినది.

సూర్యాస్తమయమైనది. మేము దిగివచ్చునపుడు తాత మేకలను మళ్ళించుచు, లావు కొమ్మును కాలితో తాకక ప్రక్కకు తొలగి నడచెను. “తినరు కదా తాతా, తొక్కితే ఏమి?” అంటిమి. “తినకపోతే ఏమి సామీ, అదీ గుట్టదే కదా,” అని ఆయన సాగిపోయెను.

కుందేటి కొమ్ము లేదని తార్కికులు నూరుసార్లు చెప్పిరి. మేము చూచితిమి, ఉన్నది. ఒకటి కాదు, రెండు కాదు. ఎన్నియో ఇంకను లెక్క తేలవలసియున్నది. లెక్క తేలువరకు ఆ గుట్టలు నిలిచియుండుట మన చేతిలోనున్నది.